బోర్లా పడుకుని విన్న కీర్తనలు

బైబిల్లోని కీర్తనల గ్రంథంలో నాకు మొదటి నుంచీ నచ్చిన సంగతి ఒకటుంది. అక్కడ ఫిర్యాదు చేసేవాళ్ళను మధ్యలో ఎవరూ ఆపరు. "పోనీలే", "సర్దుకుపో", "వాళ్ళ ఉద్దేశం అది కాదేమో" అంటూ నోరు మూయించేవాళ్ళు అందులో లేరు. నా మీదికి లేచినవాళ్ళు ఎక్కువైపోయారని ఆ కీర్తనలు రాసిన దావీదు అంటే అన్నట్టే రాసి ఉంటుంది. ఇంకెన్నాళ్ళు నన్ను మర్చిపోతావని దేవుణ్ణే నిలదీస్తే ఆ మాటా అలాగే ఉంటుంది. మా తెలుగు క్రైస్తవ సహవాసంలో మాత్రం నూట యాభై కీర్తనల్లో కాపరి కీర్తన, కొండల తట్టు చూసే కీర్తన, ఇంకో నాలుగు స్తుతి కీర్తనలు తిప్పి తిప్పి చదువుతారు. ఫిర్యాదు కీర్తనల వంతు వచ్చిందంటే పేజీ తిరిగిపోతుంది. దీని గురించి నేను కమిటీకి రెండుసార్లు చెప్పాను. "చూద్దాం సిస్టర్" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

నేను మర్చిపోయే మనిషిని కాను. గొప్ప కోసం చెప్పడం లేదు, దాచుకోవడమూ లేదు. అడిలైడ్‌కు వచ్చి ఇరవై రెండేళ్ళు. వృద్ధుల సంరక్షణ గృహంలో పని. పనికి బయల్దేరే ముందు రోజూ ఒక కీర్తన చదువుతాను, వరుసగా. నూట యాభై అయ్యాక మళ్ళీ ఒకటి. చదువుతున్నప్పుడు ఎవరైనా గుర్తొస్తే పక్కనున్న ఖాళీలో పెన్సిలుతో చిన్న ముక్క రాస్తాను. పెన్సిలుతోనే. దేవుని వాక్యం పక్కన పెన్ను పెట్టడం మా అమ్మ ఒప్పుకునేది కాదు. ఇరుగుపొరుగువాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతున్నారని ఉన్న చోట "ఎండు చేపలు, కౌన్సిల్‌కు ఉత్తరం" అని ఉంటుంది. అది వాసనని ఫిర్యాదు రాసిన మా ఎడమవైపు ఇంటాయన. అబద్ధ సాక్షులు లేచారని ఉన్న చోట, నా సెలవు తన పేరు మీద మార్చుకుని నేనే అడిగానని చెప్పిన సహోద్యోగి. దావీదుకు పేర్లు రాసే అలవాటు లేదు. నాకుంది.

అరవై తొమ్మిదో కీర్తన ఇరవయ్యో వచనం పక్కన కూడా ఒక ముక్క ఉంది. ఓదార్చేవాళ్ళ కోసం ఎదురుచూశాను, ఒక్కరూ కనబడలేదని దావీదు చెప్పుకునే చోటు అది.

సరిహద్దులు మూసేసిన ఏడాది పాలకొల్లులో మా అమ్మ పోయింది. వెళ్ళడానికి విమానాలు లేవు. సమాధి చేయడం ఫోన్లో చూశాను, పట్టుకున్నవాళ్ళ వేలు అడ్డొచ్చి సగం కనబడలేదు. తర్వాత వారం మా సహవాసంవాళ్ళు వీడియో కాల్‌లో జ్ఞాపక కూడిక పెట్టారు. పాటలు అయ్యాయి, పాస్టరు అయ్యగారి ప్రార్థన అయింది. కీర్తన చదవడం టీచరమ్మ వంతు. టీచరమ్మ అంటే సామర్లకోట దగ్గర స్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి, రిటైరయ్యాక ఇక్కడ సాల్స్‌బరీలో కొడుకు దగ్గర ఉంటున్న పెద్దావిడ. పిల్లల నుంచి పెద్దల దాకా అందరికీ ఆవిడ టీచరమ్మే. ఆ రోజు ఆవిడ తీసింది నూట పదిహేడో కీర్తన. బైబిల్ మొత్తంలో అంత చిన్న అధ్యాయం లేదు. రెండే వచనాలు. అదీ జనములన్నీ దేవుణ్ణి స్తుతించాలని చెప్పే కీర్తన. ఏడుస్తూ కూర్చున్న నేను తల ఎత్తేసరికి అయిపోయింది.

డెబ్బై తొమ్మిదేళ్ళు బతికి, ఐదుగురిని పెంచి, ప్రతి ఆదివారం అందరికంటే ముందు గుడికి వెళ్ళి చాపలు పరిచిన మా అమ్మకు రెండు వచనాలు. ఆ తర్వాత నాలుగైదేళ్ళు టీచరమ్మకు నేను వందనాలు చెప్పలేదు. ఆవిడ ఎదురొస్తే టీ కప్పుల వైపు తిరిగేదాన్ని.

ఈ చలికాలంలో నా కుడి కన్ను దెబ్బతింది. మొదట పోపులో ఆవాలు చిటపటలాడినట్టు నల్ల చుక్కలు లేచాయి. మర్నాటికి కింద నుంచి ఒక నల్లటి తెర పైకి రావడం మొదలైంది. కళ్ళద్దాల షాపులో పరీక్ష చేసిన అమ్మాయి, నేను ఇంటికెళ్ళి బట్టలు తెచ్చుకుంటానన్నా ఒప్పుకోకుండా, అటు నుంచి అటే ఆసుపత్రికి పంపింది. కంటి లోపలి పొర, గోడకు అంటించిన కాగితం ఊడినట్టు ఊడిపోతోందని డాక్టరు చెప్పాడు. ఎడమ కంటిలో శుక్లం ముదిరి ఉంది. దాని ఆపరేషన్ కోసం ఏడాదిగా వరుసలో నిలబడి ఉన్నాను, ఆ విషయమూ డాక్టరుకు గట్టిగానే చెప్పాను. అంటే నేను చదివేది కుడి కంటితోనే.

సోమవారం ఆపరేషన్ చేశారు. కంటిలోకి గ్యాసు బుడగ ఎక్కించారు. ఆ బుడగ పైకి తేలి పొరను గోడకు అదిమి పట్టాలంటే వారం రోజులు ముఖం నేలకు పెట్టి ఉండాలి. పడుకున్నా, కూర్చున్నా, తిన్నా తల వంచే. గంటకు పది నిమిషాలు విరామం.

"చూపు తిరిగి వస్తుందా?" అని అడిగాను.

"కొంత వస్తుంది. చదివేంత వస్తుందో లేదో కొన్ని వారాలు పోతేగానీ చెప్పలేను" అన్నాడు డాక్టరు.

తక్కిన మాటలేవీ నా చెవికెక్కలేదు. వంట తడుముకుని చేసుకుంటాను. పని మానేస్తాను. కానీ పొద్దున్నే కీర్తన చదువుకోలేని రోజు ఎలా ఉంటుందో నా ఊహకు అందలేదు. మా అమ్మ నాకు ఇచ్చిన ఆస్తి ఆ బైబిల్ ఒక్కటే. అది నా ఒళ్ళో ఉండి కూడా మూసి ఉన్నట్టే అవుతుందా?

ముఖం పెట్టుకోవడానికి గుండ్రటి కన్నమున్న కుర్చీ ఒకటి అద్దెకు తెచ్చారు మా ఆయన. మాసన్ లేక్స్‌లో మా ఇంటి ముందుగదిలో, హీటరు పక్కన దాన్ని పెట్టారు. మంగళవారం పొద్దున అందులో కూర్చుని, కన్నంలోంచి తివాచీ చూస్తూ, అరవై ఎనిమిదో కీర్తన చదవమన్నాను. ఇక్కడొక చిక్కుంది. మా ఆయన ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగారు. తెలుగు చక్కగా మాట్లాడతారు, గుడిలో పాటలన్నీ కంఠతా పాడతారు, కానీ ఒక్క అక్షరం చదవలేరు. మా అబ్బాయికి మాట అర్థమవుతుంది, అంతవరకే.

ఫోన్లో తెలుగు బైబిల్ పెట్టారు. చదివే ఆయన సినిమాలో రాజుగారిలా మొదలుపెట్టాడు. వెనకాల సంగీతం. దేవుడు అరణ్యంలో నడిచి వెళ్ళే చోటికి వచ్చేసరికి నిజంగానే ఉరుము ఉరిమింది.

"తీసెయ్యండి" అన్నాను.

"బానే ఉంది కదా, ఎఫెక్ట్స్ కూడా పెట్టాడు."

"నాకు ప్రార్థన కావాలి, నాటకం కాదు."

"సరే, నేను ఇంగ్లీషులో చదువుతానుండు." నాలుగు వచనాలు చదివారు. నేను నిట్టూర్చాను. "ఇప్పుడేమైంది?"

"దావీదు ఎవరో ఆఫీసరుకి అప్లికేషను రాసుకున్నట్టుంది."

"అయితే గ్రూపులో పెడతాను, ఎవరైనా వచ్చి తెలుగులో చదువుతారేమో."

"పెట్టకండి. ఎవర్నీ అడగొద్దు."

పెట్టేశారు. సాయంత్రానికల్లా పాస్టరమ్మగారు రోస్టరు తయారుచేసి పంపారు. మా సహవాసంలో ఎవరికి ఏమొచ్చినా ముందు రోస్టరు వస్తుంది. ఏ ఇంటి నుంచి ఏ రోజు కూర, ఎవరు కారు నడుపుతారు, ఎవరు మందులు తెస్తారు, అంతా. ఈసారి కింద ఇంకో వరస ఉందట, కీర్తన చదవడానికి.

"వారం మొత్తం ఒకరే పేరిచ్చారు" అన్నారు మా ఆయన, నెమ్మదిగా.

"ఎవరు?"

"టీచరమ్మగారు."

"నాకొద్దు."

"వద్దంటే ఎలా? పొద్దున పదింటికి ఖాళీగా ఉండి, తెలుగు గడగడా చదివే మనిషి ఈ ఊళ్ళో ఇంకెవరున్నారో నువ్వే చెప్పు. ఇప్పుడే ఫోన్ చేస్తా."

గంటసేపు తివాచీ చూస్తూ ఆలోచించాను. ఒక్క పేరు దొరకలేదు.

బుధవారం పదింటికి తలుపు చప్పుడైంది. "మమ్, టీచర్ ఆంటీ ఈజ్ హియర్" అన్నాడు మా అబ్బాయి. "ఐ విల్ మేక్ టీ అండ్ గో టు యూని, ఓకే?"

బోర్లా ఉన్న మనిషికి లోకమంతా పాదాలే. ఎడమ కంటి మసకలో రెండు పాదాలు వచ్చి నా ఎదురుగా ఆగాయి. బూడిద రంగు ఉన్ని సాక్సులు, వాటి మీద చీర అంచు. అంచు తడిసి ఉంది. ఇంటి దగ్గర బస్సెక్కి, సాల్స్‌బరీలో రైలెక్కి, మాసన్ లేక్స్ స్టేషన్లో దిగి చెరువు గట్టు మీదుగా వానలో నడిచి వచ్చింది ఆవిడ.

"వందనాలమ్మా."

"వందనాలండి" అన్నాను, నేల మీదికి.

"నా బైబిల్ తెచ్చుకున్నానులే. పెద్దక్షరాలది."

"వద్దండి. నాదాంట్లోనే చదవాలి. బల్ల మీదుంది."

"వాక్యం ఏ పుస్తకంలోదైనా ఒకటే కదమ్మా."

"నాకు కాదండి."

ఆవిడ నా బైబిల్ తీసుకుని కూర్చుంది. పేజీలు తిప్పిన చప్పుడు. అరవై తొమ్మిది మొదలుపెట్టింది. నీళ్ళు గొంతుదాకా వచ్చాయని, కాలు మోపడానికి నేల దొరకడం లేదని, అరిచి అరిచి గొంతు ఎండిపోయిందని, దేవుని కోసం కనిపెట్టి కనిపెట్టి కళ్ళు క్షీణించాయని దావీదు చెప్పుకుంటాడు అందులో. ఆవిడ చదవడంలో నటన లేదు. ప్రతి మాటా ఎక్కడ విరగాలో అక్కడ విరిగి, ఎక్కడ కలవాలో అక్కడ కలిసింది. తప్పు పట్టుకుందామని వింటున్న నాకు ఒక్కటీ దొరకలేదు. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి కన్నంలోంచి తివాచీ మీద నీటిచుక్క పడింది. కట్టు లోపల తడి చేరకూడదన్నారని గుర్తొచ్చి ఆపుకున్నాను.

ఇరవయ్యో వచనం చదివి ఆవిడ ఆగిపోయింది.

"అక్షరాలు చిన్నవైపోయాయా?" అన్నాను.

"అక్షరాలు బానే ఉన్నాయి."

అప్పుడు గుర్తొచ్చింది. పంతం పట్టి నా బైబిలే ఇచ్చిన దాన్ని, అందులో ఏముందో ఆలోచించలేదు. వీపు మీద వేడినీళ్ళు పడ్డట్టయింది.

"ఇక్కడేదో పెన్సిలుతో ఉంది" అంది ఆవిడ.

"అది చదవక్కర్లేదండి."

"'అమ్మ జ్ఞాపక కూడిక. టీచరమ్మ. రెండు వచనాలు.'" చదివేసింది, తర్వాతి వచనం చదివినట్టే.

లేచి వెళ్ళిపోవడానికి లేదు. ముఖం తిప్పుకోవడానికి కూడా లేదు. బూడిద రంగు సాక్సులు కదలకుండా ఉన్నాయి.

"నాలుగైదేళ్ళయిందా?"

"ఆయ్. నవంబరుకి ఐదు."

"ఆ రోజు వీడియో కాల్ ఉచితంగా దొరికేది పెట్టారు. నలభై నిమిషాలకి దానంతటదే కట్టయిపోద్ది. అయ్యగారు ప్రార్థనలోకి వెళ్ళారంటే నీకు తెలుసు కదా. నా వంతు వచ్చేసరికి ఇంక మూడు నిమిషాలే అని తెర మీద పడింది. పెద్దది మొదలెట్టి మధ్యలో కట్టయితే మీ అమ్మగారికి అవమానం కాదా అని చిన్నది తీశాను."

"మళ్ళీ కాల్ కలుపుకోవచ్చుగా."

"కలుపుకోవచ్చు. నాకు తోచలేదు. రాత్రి అన్నం దగ్గర తోచింది. మర్నాడు నీకు ఫోన్ చేసి చెప్పాల్సింది, చెయ్యలేదు. తర్వాత ఆదివారం చెబుదామంటే నువ్వు టీ కప్పులు లెక్కెట్టుకుంటున్నావు."

"నేను మిమ్మల్ని చూస్తూనే ఉన్నాను."

"తెలుసులే. ఓరకంట నేనూ చూస్తూనే ఉన్నాను. నా బైబిల్లో కూడా ఇలా రాయడం మొదలెడితే, ఆ ఆదివారాలన్నిటికీ పక్కన జాగా చాలదు." "రబ్బరుందా?" అంది.

"చెరపొద్దు" అన్నాను. "జరిగింది కదా."

"జరిగింది."

బల్ల మీద నా పెన్సిలు తీసిన చప్పుడు, కాగితం మీద గీసిన చప్పుడు వినబడ్డాయి. "ఏం రాస్తున్నారు?"

"దాని కింద 'నిజమే' అని రాసి సంతకం పెట్టాను. ఇంకా పదహారు వచనాలున్నాయి, వింటావా?"

విన్నాను. ఆ కీర్తనను అంతకు ముందు ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ముప్పయ్యో వచనం దగ్గర దావీదు గొంతు మారి స్తుతిలోకి వెళ్ళడం ప్రతిసారీ గమనించాను, ప్రతిసారీ నాకు నచ్చలేదు. శత్రువులు పోలేదు. బురద ఎండలేదు. ఎందుకు స్తుతిస్తున్నావయ్యా అని అడగాలనిపించేది. ఆ రోజు మాత్రం, వినేవాళ్ళు దొరికాక గొంతు మారుతుందేమో అనిపించింది. సంగతి తీరిపోయి కాదు. లోపల అరగకుండా ఉన్నది ఒకరి చెవిన వేశాక ఊపిరి ఆడుతుంది, అంతే.

గురువారం డెబ్బయ్యో కీర్తన. ఐదంటే ఐదు వచనాలు.

"చిన్నదే లెండి. మీకు అలవాటే కదా" అన్నాను.

సాక్సులు ఒక్క క్షణం బిగుసుకుని, తర్వాత వదులయ్యాయి. ఆవిడ నవ్వుతోంది. "నోరు మాత్రం బోర్లా పడలేదమ్మాయ్ నీకు" అంది. ఒక బస్సు, ఒక రైలు మారి వచ్చినందుకు న్యాయం జరగాలని ఆ ఐదు వచనాలూ మూడుసార్లు చదివింది. మూడోసారి చదివాక, ఇది నలభయ్యో కీర్తన చివర ఉన్నదే మళ్ళీ వచ్చింది చూడు, అని చెప్పింది. నేను అన్నేళ్ళు వరుసగా చదువుతూ పోల్చుకోనేలేదు. ఆవిడ వెళ్ళాక చాలాసేపు అదే ఆలోచించాను. ఒకే మొర దేవుని గ్రంథంలో రెండుచోట్ల ఉంది. ఇదివరకే చెప్పావు కదా అని దాన్నెవరూ తీసెయ్యలేదు. చెప్పిందే చెబుతావని మా ఇంట్లో నన్ను రోజూ అంటారు. సాయంత్రం మా ఆయనకు ఈ సంగతి చెప్పాను. "అయిపోయాం" అన్నారు.

శుక్రవారం డెబ్బై ఒకటి. ముసలితనంలో నన్ను విడిచిపెట్టొద్దు, బలం ఉడిగినప్పుడు వదిలెయ్యొద్దు అని వేడుకునే కీర్తన. చదవడం అయ్యాక టీ తాగుతూ తనంతట తనే చెప్పింది.

"ఇక్కడికొచ్చాక ఇంత గట్టిగా చదివి ఎన్నాళ్ళయిందో. ఇంట్లో చదివితే మనవరాలు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటుంది. 'నానమ్మా, టూ లౌడ్' అంటుంది. తప్పులేదు దానిది, చదువుకుంటుంది పాపం. క్లాసులో వెనక బెంచీదాకా వినబడేలా చదివిన గొంతు కదా, నాకు తగ్గించడం రాదు."

"ఇక్కడ తగ్గించక్కర్లేదండి" అన్నాను. ఓదార్చడానికి అన్న మాట కాదు. మసక కంటికి తోడు చెవి కూడా కాస్త మందగించింది నాకు.

ఆదివారం గుడికి వెళ్ళే ముందు కూడా వచ్చి డెబ్బై మూడు చదివింది. దుర్మార్గులు కొవ్వెక్కి హాయిగా ఉన్నారే అని అసూయపడ్డ భక్తుడి కీర్తన అది. దాని పక్కన నా పెన్సిలు రాతలు ఐదున్నాయట. ఆవిడ ఒక్కొక్కటీ చదివి, "ఇదెవరు?" "మరి ఇదెవరు?" అని అడిగింది. నేను చెప్పాను. మూడో దానికి, "ఆవిడ నాకూ అలాగే చేసింది" అంది. వారంలో అంత తృప్తిగా గడిచిన గంట ఇంకొకటి లేదు.

మంగళవారం మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పొద్దున్నే డెబ్బై ఐదు చదివి ఆవిడ బైబిల్ మూసింది.

"రోస్టరు ఇవాళ్టితో అయిపోయిందమ్మా" అంది.

"ఆయ్."

బైబిల్ బల్ల మీద పెట్టింది. కానీ పాదాలు కదల్లేదు. అవి ఎందుకు ఆగాయో నాకు తెలుసు.

నేను ఎవర్నీ ఏదీ అడగను. ఇది నా పౌరుషం అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ. అమ్మ కూడికలో ఆ రోజే, "ఇంకోటి చదవండి, మా అమ్మకి ఇది చాలదు" అని ఉంటే ఆవిడ చదివి ఉండేది. అడగలేదు. లేదంటారేమోనని భయపడి ఊరుకుని, ఊరుకున్నందుకు ఐదేళ్ళు కోపం మోశాను. కీర్తనలన్నీ నావే అనుకున్నాను గానీ సగమే నేర్చుకున్నాను. దావీదు ఫిర్యాదు చేసిన ప్రతిచోటా పక్కనే ఏదో ఒకటి అడుగుతాడు. నా వైపు తిరుగు, చెవి ఒగ్గు, త్వరగా రా. సిగ్గుపడడు. ఫిర్యాదు మాత్రం ఉంచుకుని అడగడం నేను వదిలేశాను.

"రేపు డెబ్బై ఆరు" అన్నాను.

"అవును."

"మీరు వస్తారా? నా చూపు వచ్చేదాకా. రాకపోతే... రాకపోయినా."

"అడుగుతావా లేదా అనే చూస్తున్నాను" అంది. "పదింటికి వస్తా. మీ అబ్బాయిని టీలో కాస్త అల్లం వెయ్యమను. వారం నుంచీ నీళ్ళు తాగుతున్నాను."

"ఆ ముక్క మొదటిరోజే చెప్పచ్చుగా!"

"నేను కూడా మనసులో పెట్టుకునేదాన్నే అమ్మాయ్."

పొర అతుక్కుందని డాక్టరు చెప్పాడు. ఇక తల ఎత్తవచ్చన్నాడు. వారం తర్వాత మెడ పైకెత్తితే, 'నా తల ఎత్తేవాడు' అని దావీదు దేవుణ్ణి ఎందుకు పిలిచాడో ఎముకలకు తెలిసింది. చూపు సంగతి మాత్రం పాత జవాబే, చూడాలి. కుడి కంటితో చూస్తే నీళ్ళలోంచి చూసినట్టు వెలుగు, కదిలే నీడలు, అంతే.

రోజులు గడిచేకొద్దీ బుడగ చిన్నదవుతూ వచ్చింది. కంటి ముందు ఒక గీత ఏర్పడింది. తాపీ మేస్త్రీ రసమట్టంలో బుడగలా, నేను తల ఊపితే అదీ ఊగేది. గీతకు పైన లోకం, కింద వణుకు. రోజుకు కాస్త చొప్పున ఆ గీత కిందికి దిగింది. ముందు పైకప్పు అంచు కనబడింది, తర్వాత తలుపు పైభాగం, తర్వాత ఒకరోజు టీచరమ్మ ముఖం. అన్నాళ్ళు పాదాలకు అలవాటుపడ్డ నాకు ఆ ముఖం నేననుకున్నంత కటువుగా కనబడలేదు. ముసలిదైపోయింది. నేను ఐదేళ్ళు సరిగ్గా చూడలేదు కదా.

ఆపరేషనయిన మూడు వారాలకు, సోమవారం నాడు, వరుసలో ఎనభై ఎనిమిది వచ్చింది.

"ఇవాళ దీన్ని దాటేసి ఎనభై తొమ్మిది చదువుదామా?" అంది ఆవిడ. "బాగవుతున్న ఇంట్లో ఇదెందుకమ్మా?"

ఆవిడ భయం నాకు తెలుసు. ఎనభై ఎనిమిదిలో స్తుతి లేదు. మొదటి నుంచి చివరి వరకు సమాధి, అగాధం, విడిచిపోయిన స్నేహితులు. మిగతా ఫిర్యాదు కీర్తనల్లాగా గొంతు మారదు. అలాగే మొదలై అలాగే ఆగిపోతుంది. నాకు నూట యాభైలోకెల్లా ఇష్టమైనది అదే. చివర్లో సర్దుకుపోని మనిషికి కూడా దేవుడు తన గ్రంథంలో ఒక పేజీ ఇచ్చాడు. ఆ పేజీ లేకపోతే నేను ఈ విశ్వాసంలో ఇన్నాళ్ళు ఉండేదాన్ని కాదేమో.

"దాటేది లేదు. దాన్ని దాటేసేవాళ్ళు ఇప్పటికే ఎక్కువయ్యారు" అన్నాను.

పదిహేడు వచనాలు చదివింది. నేను చెయ్యి చాచాను. "చివరిది నాకివ్వండి."

"కనబడుతుందా?"

"చూద్దాం."

ఎడమ కంటిని అరచేత్తో మూశాను. గీతకు పైకి వచ్చేలా బైబిల్ ఎత్తి పట్టుకున్నాను. మొదట తలకట్లు తెలిశాయి, చీమల బారులా. తర్వాత వాటి కింద పొట్టలు. అక్షరాలు వంగి ఉన్నాయి, ఎవరో పేజీని పిండి వదిలేసినట్టు. మొదటి మాటలు అందలేదు. చివర్లో ఒక మాట దగ్గర ఒక అక్షరం కుదురుగా నిలబడింది. దాని మీద గుడిదీర్ఘం కూడా తెలిసింది.

"చీ" అన్నాను.

టీచరమ్మ నోరు తెరవలేదు. ముప్పై ఏళ్ళు ఒకటో తరగతి నుంచీ పిల్లల ఎదుట కూర్చున్న మనిషి. మాట అందించాలని ఎంత ఉన్నా అందించకూడదని ఆవిడకు తెలుసు.

"చీ... క... టి."

"చదివావు" అంది, మెల్లగా.

చీకటి. అదే నా కంటికి తిరిగి దొరికిన మొదటి మాట. పొద్దున పదిన్నర, కిటికీలోంచి ఎండ సరిగ్గా పేజీ మీద పడుతోంది, ఆ ఎండలో నేను ఆ మాటను మూడుసార్లు చదివాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆవిడ నా చేతిలోంచి బైబిల్ తీసుకోలేదు. "దానికి ముందు మాట చూడు" అంది. చూశాను. అది రావడానికి పావుగంట పట్టింది. మొత్తం వచనం రావడానికి ఆ వారమంతా పట్టింది.

ఇప్పుడు మేమిద్దరం ఒక వచనం ఆవిడ, ఒక వచనం నేను, అలా చదువుతున్నాం. నా వంతు నెమ్మదిగా నడుస్తుంది, టీ చల్లారిపోతుంది. అక్షరాలు ఇంకా కొంచెం వంకరగానే కనబడుతున్నాయి. ఇంతకంటే బాగుపడకపోవచ్చని డాక్టరు అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. రోజూ పొద్దున్నే దేవునికి ఆ సంగతి చెబుతున్నాను. చెప్పి ఊరుకోవడం లేదు, సరిచెయ్యమని అడుగుతున్నాను కూడా.